లూసీ దర్శనం

కళ్ళతో చూడనిదేదీ నమ్మకూడదని ఆ రోజుల్లో నేను చాలా గట్టిగా నమ్మేవాణ్ణి. ఎంత గట్టిగా అంటే, అమలాపురంలో ఎక్కడ మైకు కనిపించినా దాని ముందు నిలబడి ఆ ముక్క చెప్పకుండా కిందికి దిగేవాణ్ణి కాదు. పగలు ఒక జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు, సాయంత్రం హేతువాద సంఘంలో ఉపన్యాసాలు. లోకమంతా మూర్ఖత్వంలో మునిగి ఉందనీ, దాన్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగే పని ప్రత్యేకంగా నాకు అప్పగించారనీ అనుకునేవాణ్ణి. (ఎవరు అప్పగించారని అడిగితే అప్పుడు జవాబు లేదు. ఇప్పుడూ లేదు.) మా సంఘం అధ్యక్షులు రిటైరైన లెక్కల మాష్టారు. ఏం మాట్లాడినా చివర "ఇది నా సవాల్!" అంటారు గనక ఊరంతా ఆయన్ని సవాల్ మాష్టారనే పిలిచేది.

ఒకసారి మనిషి పుట్టుక మీద బహిరంగ చర్చ పెట్టాం. నేను లూసీని ఎత్తుకున్నాను. ఇథియోపియాలో తవ్వకాల్లో బయటపడ్డ ఆడజీవి ఎముకలకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. ముప్ఫై లక్షల ఏళ్ళకి పైమాట కిందట రెండు కాళ్ళ మీద నడిచిన మన పూర్వికురాలు, ఆడిస్ అబాబా నగరంలో మ్యూజియంలో ఉంది, కాదనే మొనగాడెవరో రండి అని బల్ల గుద్దాను. ఎదురు పక్షాన ఒక పాస్టరుగారు. మహా మర్యాదస్తుడు. నెమ్మదిగా లేచి కళ్ళజోడు తుడుచుకుని, "ఆయ్, చాలా బాగా చెప్పేరండి. ఆ ఎముకలు తమరు చూసేరా అండి?" అన్నారు.

"లేదు."

"మరి కళ్ళతో చూడంది నమ్మొద్దని ఇందాకే తమరే సెలవిచ్చేరు కదండీ" అని కూర్చున్నారు.

హాలు హాలంతా నవ్వింది. రెండో వరసలో మా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. మర్నాటి నుంచి కాలేజీలో బోర్డు మీద కప్ప బొమ్మ వేసినా సరే, వెనక బెంచీలోంచి "చూసేరా అండి?" అని వినిపించేది. లూసీని నా కళ్ళతో చూసి వచ్చి అదే హాల్లో, అదే పాస్టరుగారికి జవాబు చెప్పకపోతే ఇక మైకు ముట్టుకోనని శపథం పట్టాను. (శపథాలు మూఢాచారమని అంతకు నెల కిందటే ఒక వ్యాసం రాశాను.)

పెద్దమ్మ రాజోలు దగ్గర మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. భక్తిలోనూ వ్యాకరణంలోనూ రాజీ ఎరగని మనిషి. ఆ ఏడు వాళ్ళ చర్చి సంఘంవాళ్ళు యెరూషలేము యాత్ర పెట్టుకున్నారు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. "తోడు రారా, సంచీ మొయ్యడానికైనా పనికొస్తావు" అంది. నేను చీదరించుకున్నాను. యాత్రికులు బయల్దేరకముందే సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. మేఘాల మధ్య పావురాలు, పావురాల మధ్య మా పెద్దమ్మ తలకాయ. బతికున్న మనిషిని అంత తొందరగా పరలోకానికి పంపేసిన ఘనకార్యం ఇంకెక్కడా చూడలేదన్నాను. పెద్దమ్మ యాత్ర కరపత్రం నా ఒళ్ళో పడేసి లోపలికి పోయింది. వెక్కిరించడానికే చదివాను. ఆఖరి వాక్యం దగ్గర నోరు ఆగిపోయింది: తిరుగు ప్రయాణంలో ఆడిస్ అబాబాలో ఒక రోజు విశ్రాంతి.

"పెద్దమ్మా, వస్తాను."

"అదేంట్రా, ఇంత త్వరగా మారుమనస్సు పొందేవు?"

"అదేం కాదు. ఆ ఒక్కరోజూ నేను చెప్పిన చోటికి రావాలి. లూసీ దగ్గరికి."

"ఏ లూసీ? మనవాళ్ళేనా? ఏ సంఘం?" (మా వైపు వీధికో లూసీ ఉంటుంది. పెద్దమ్మ తప్పేం లేదు.)

చెప్పాను. పెద్దమ్మ బేరం పెట్టింది. "సరే. బైబిలు వాక్యంలో ఉన్న దేశమే కదా, చూద్దాం. కానీ ఒక షరతు. యాత్రలో నువ్వు నోరు విప్పకూడదు. ఎక్కడ వాదన పెట్టినా సరే, నీ లూసీ లేదు గీసీ లేదు. ఆ రోజంతా హోటల్లో కూచుని నా మోకాళ్ళకి తైలం రాయాలి."

"ఆయ్" అన్నాను. జీవితంలో అంత ఖరీదైన ఆయ్ ఇంకోసారి అనలేదు.

ఇక ఆ ఒక్క పూట సంబరానికి నెలరోజులు సన్నాహాలు. ముందుగా దిగబడినవాడు గ్లోబు మావయ్య. టీవీ పక్కన గ్లోబు పెట్టుకున్నాడే తప్ప రావులపాలెం దాటి చూసిన ముఖం కాదు. "ఆఫ్రికా అంటే మాటలా అల్లుడూ! వీధుల్లో సింహాలు తిరుగుతాయి. ఎండకి మాడి మసైపోతారు. ఆ నల్లోళ్ళ మధ్య ఎలా ఉంటారర్రా?" అన్నాడు. నలుపులో తాను ఎవరికీ తీసిపోడు. ముఖానికి అద్దుకున్న పౌడరు చెమటకి చారలు కడుతుండగా ఈ మాట అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మావయ్యగారూ, ఆ ఊరి మధ్యన రైలు తిరుగుతోందండి. మన అమలాపురానికి రైలొస్తుందని మీరు పెళ్ళికాకముందు నుంచీ చెబుతున్నారు. గోదాట్లో వంతెన స్తంభాలు తప్ప ఏదండీ రైలు?" అన్నాను. ఆయన గ్లోబుని అటు తిప్పేసి కాఫీ అడిగాడు. అంత వెటకారం చేసినవాణ్ణి, ఎండ సంగతి మాత్రం నమ్మేశాను. ఆఫ్రికా కదా అని పల్చటి చొక్కాలు సర్దుకున్నాను. జేబులో ఫోను ఉంది, ఒక్క నిమిషం వెతికితే ఆ ఊరు కొండల మీద ఉందని తెలిసేది. వెతకలేదు.

మా హేతువాద సంఘంలో సన్నాహాలు ఇంకో రకం. మూడు సాయంత్రాలు చర్చించాం. సవాల్ మాష్టారు నా మెడలో దండ వేసి, "ఏవయ్యా, ఆవిడ పక్కన నిలబడి ఫోటో తియ్యించుకో. మన హాల్లో పటం కట్టిద్దాం. అక్కడి మట్టి చిటికెడు తీసుకురా, రేపు సంఘానికి సొంత భవనం కడితే పునాదిలో వేద్దాం. వెళ్ళే పూట కడుపు నింపుకోకు, నిద్రమత్తు వస్తుంది. ఇది నా సవాల్!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చి పెద్దమ్మకి గొప్పగా చెబితే బియ్యం ఏరుతూ తలెత్తకుండా వింది. "మావాళ్ళు యొర్దాను నది నీళ్ళు తెమ్మన్నారు. మీవాళ్ళు మట్టి తెమ్మన్నారు. నీళ్ళయితే సీసాలోంచి కారిపోతాయని నా భయం. నీకా బాధ లేదు" అంది.

"రెండూ ఒకటెలా అవుతాయి పెద్దమ్మా? మాది శాస్త్రం!"

"ఆయ్, ఉపవాసంతో సహా."

యాత్ర సంగతి ఎక్కువ చెప్పను. నేనూ ఎక్కువ మాట్లాడలేదు. గైడు ఒక్కో రాయి చూపించి ఒక్కో కథ చెబుతుంటే నా గొంతులో ప్రశ్నలు కందిరీగల్లా తిరిగేవి. ఒకచోట తట్టుకోలేక "అసలు దీనికి ఆధారం..." అని మొదలెట్టాను. పెద్దమ్మ తిరిగి చూసి, మోకాలు చేత్తో నిమురుకుంది. అంతే. "...చాలా బాగుందండి" అని ముగించాను. గైడు సంతోషించాడు.

ఆడిస్ అబాబాలో తెల్లారింది. హోటలు బయటికి అడుగు పెట్టగానే చలి చెంప మీద కొట్టింది. పల్చటి చొక్కాలో పళ్ళు టకటకలాడుతుంటే పెద్దమ్మ తన తెల్ల శాలువా తీసి నా భుజాల చుట్టూ కప్పింది. "మీ మావయ్య సింహాలు కనపడితే చెప్పు" అంది. (తను మాత్రం స్వెట్టరు తెచ్చుకుంది. తోటి యాత్రికుల్ని వాకబు చేసిందట.) దారిలో చిన్న రైలు మా ముందునుంచే గలగలా వెళ్ళింది. నాకు మావయ్య మీద జాలేసింది.

మ్యూజియం గుమ్మం దగ్గర ఏం చేశానో నాకు తెలియదు. లోపలికి వెళ్ళి అద్దాల పెట్టె ముందు నిలబడ్డాను. ముక్కలు ముక్కలుగా చిన్న ఎముకలు. అయిదారేళ్ళ పిల్లంత మనిషి. ఇన్నాళ్ళూ బల్ల గుద్ది చెప్పిన మాట అక్కడ నిశ్శబ్దంగా పడుకుని ఉంది. ఎంతసేపు అలా ఉండిపోయానో. వెనకనుంచి పెద్దమ్మ గొంతు. ఏ బోర్డు కనిపించినా చదవకుండా వదలని అలవాటు ఆవిడది.

"ఒరే, ఇక్కడేదో రాసేరు. ఇది నమూనాట. అసలు ఎముకలు లోపల భద్రంగా దాచేరట."

"ఎవరన్నారు?"

"బోర్డు మీద ఉంది. నమ్ముతావో మానుతావో నీ ఇష్టం."

అంతలో కాపలామనిషి నా బూట్లు చేత పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఎవరో వదిలేశారట. ప్రార్థనకి వెళ్ళినట్టు బూట్లు విప్పి వచ్చానని అప్పుడు తెలిసింది. అసలువి చూడొచ్చా అని ప్రాధేయపడ్డాను. పరిశోధన చేసేవాళ్ళకే తలుపు తీస్తామని నవ్వుతూ చెప్పాడు.

తిరిగొచ్చాక అదే హాలు, అదే పాస్టరుగారు. "చూసేరా అండి?"

అబద్ధమాడటం నా వల్ల కాలేదు. "నకలు చూశానండి. అసలు తలుపు వెనక ఉంది. కొలిచినవాళ్ళ మాట నమ్ముతున్నాను. వాళ్ళు తప్పు చెబితే పట్టుకోవడానికి ప్రపంచమంతా పోటీపడే మనుషులున్నారు. అడిగే హక్కున్న చోట నమ్మడం తప్పు కాదు" అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

"ఆయ్, నమ్ముతున్నారు కదండీ. చాలా సంతోషం" అని ఆయన కూర్చున్నారు. హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

మ్యూజియంలో పెద్దమ్మ తీసిన ఫోటో చూసి సవాల్ మాష్టారు ఎగిరిపడ్డారు. "ఏవిటయ్యా ఇది! మనది హేతువాద సంఘవా, భజన మందిరమా?" తెల్ల శాలువా, వట్టి కాళ్ళు, చలికి కట్టుకున్న చేతులు, పెట్టెలోకి చూడటానికి వంచిన తల. మా హాల్లో దానికి చోటు దొరకలేదు. పెద్దమ్మ ఇంట్లో దొరికింది. యాత్ర ఫోటోల వరసలో చివర, యొర్దాను పక్కన. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, "మావాడు, లూసీ సన్నిధిలో" అని చూపిస్తుంది. అందరూ "ఆయ్, ఎంత భక్తండీ" అంటారు.

నేను రాజోలు వెళ్ళినప్పుడల్లా ఆ పటం ముందు కాసేపు ఆగుతాను. ఇప్పటి నేనైతే ఫోనులో ముందే వెతికి, అక్కడున్నది నకలని తెలుసుకుని, తెలివిగా హోటల్లోనే పడుకుందును. ఆ వెర్రివాడు వట్టి కాళ్ళతో ఆ చల్లటి గచ్చు మీద నిలబడి ఉన్నాడు. ఆ రోజు వాడి పాదాలు ఎంత కొంకర్లు పోయి ఉండాలో! పాదాలకి చలి వేసినట్టు నాకు గుర్తే లేదు.