ఇస్త్రీ చేసిన కట్టు

మాదాపూర్‌లో అద్దాల మేడలన్నీ సిమెంటు పిల్లర్ల మీద నిలబడ్డాయని మీరనుకుంటున్నారు. కాదు. మా నాయనమ్మ భూలక్ష్మి ఎడమ కాలి మీద నిలబడ్డాయి. ఆమె చొక్కా ఇస్త్రీ చేసి ఇవ్వకపోతే ఏ ఇంజనీరు ఇంటర్వ్యూకు పోయేవాడు, ఏ మేనేజరు మీటింగులో నోరు తెరిచేవాడు?

చందానగర్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు సెల్లార్‌లో, ర్యాంపు పక్కన ఆమె బల్ల. పొద్దున ఏడింటికి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేస్తే దీపాలు పెట్టే వేళకే దించడం. ఇరవై రెండేళ్లు అట్లా నిలబడే ఉంది. అన్నం కూడా నిలబడే తినేది. కూర్చుంటే పని మీంచి మనసు పోతుందట.

ఆ ఎడమ కాలికే, చీలమండకు కొంచెం పైన, లోపలి వైపు, దోమ కుట్టినచోట ఒకనాడు గోకింది. అది రూపాయి బిళ్ళంత పుండయింది. చుట్టూ చర్మం నల్లబడింది, సాయంత్రానికల్లా కాలు వాచేది. ఎనిమిది నెలలైనా మానలేదు. వాడకట్టంతా షుగరే అన్నారు. నాయనమ్మ చాయ్‌లో చక్కెర మానేసి, ప్రతి గుక్కకూ ఒక తిట్టు కలుపుకొని తాగింది. తీరా పరీక్ష చేస్తే షుగర్ లేదు. తిట్లన్నీ దండగ.

ఇంతలో అసోసియేషన్ ప్రెసిడెంటు బుల్లిబాబు గారు సెల్లార్‌లోకి దిగారు.

“ఏమీ అనుకోకు భూలక్ష్మమ్మా. బట్టల్లో పుండు వాసన వస్తోందని ఫ్లాట్ల వాళ్ళు గ్రూపులో పెడుతున్నారు. మాన్పుకుని రా. దసరా దాకా నీ చోటు ఎవరికీ ఇవ్వనులే.”

దసరాకు మూడు నెలలుంది. మరునాడే దవాఖానకు పోయింది.

డాక్టరమ్మ కాలు చూసి అడిగింది. “మీ అపార్టుమెంటుల పై ట్యాంకుకు నీళ్లు ఎక్కుతయి కదా. మధ్యల వాల్వు పాడైతే ఏమైతది?”

“మళ్ల కిందికే వస్తయి.”

“నీ కాలి నరాలల్ల అదే అయితుంది. పైకి పోవాల్సిన రక్తం కిందనే నిలుస్తుంది. చెమ్మబట్టిన గోడ లెక్క చర్మం నానుతుంది. కాలును బిగించి కట్టకుంటే ఎంత మందు పూసినా పుండు మానదు.”

రెండు సాగే కట్లు ఇచ్చింది. పొద్దున లేవగానే వేళ్ల దగ్గర నుంచి మోకాలి దాకా చుట్టాలి. కాస్త నడవాలి. మిగతాసేపు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఒక్కచోట నిలబడొద్దు.

నాయనమ్మ అన్నీ చేసింది. మూడు దిండ్ల మీద కాలు పెట్టి, ఇంటి రేకులను శత్రువును చూసినట్టు చూస్తూ పడుకుంది. ఒక కట్టు కాలికుంటే రెండోది ఉతికి ఆరేసేది. ఆరినాక బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. ఆమె చేతికొచ్చిన గుడ్డ ముడతతో బయటికి పోవడమా! కట్టు కొత్త నోటులా తళతళలాడేది. పుండు మాత్రం అట్లాగే ఉంది.

దసరాకు నాలుగు రోజులుందనగా దవాఖానలో సరోజమ్మ అనే నర్సు ఆ కట్టును లాగి చూసింది. సాగలేదు.

“దీన్నేం చేసినవమ్మా?”

“ఇస్త్రీ జేసిన,” అంది నాయనమ్మ, మెచ్చుకుంటుందేమోనని.

“అయ్యో తల్లీ! ఇది సాగితేనే కాలును ఒత్తుతది. ఆ వేడికి లోపలున్న రబ్బరు చచ్చింది. ఇన్ని దినాలు నువ్వు కాలికి రిబ్బన్ కట్టుకున్నవ్.”

“చెయ్యొద్దని ఎవరన్న చెప్పిన్రా?”

“కట్టును ఇస్త్రీ చేస్తరని ఎవరనుకుంటరు?”

తోడుగా పోయిన నేను నవ్వాను. ఆటోలో ఇల్లు చేరేదాకా నాయనమ్మ నా వైపు చూడలేదు.

కొత్త కట్లు నీడలో ఆరేసుకుంది. పెట్టెను మంచం కిందికి తోసేసింది. జనవరి చివరికి పుండు మూసుకుంది. పలుచని గులాబీ రంగు తోలు వచ్చింది.

మరునాడే గంజి పెట్టిన చీర కట్టుకుని సెల్లార్‌కు పోయింది. బల్ల ఉన్నచోట కరెంటు స్కూటర్లు వరుసగా చార్జింగుకు పెట్టి ఉన్నాయి. బట్టలు ఫోన్‌లో బుక్ చేస్తే ఎవరో వ్యాన్‌లో పట్టుకుపోతున్నారట.

“దసరా అని చెప్పాను కదమ్మా,” అన్నారు బుల్లిబాబు గారు. ఆయన చొక్కా మడత వంకరగా ఉంది. నాయనమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చాక ఊరడిద్దామని నేనే నోరు తెరిచాను. “పోనీలే నాయనమ్మా, పుండైతే మానింది కదా. ఇగ మహారాణి లెక్క కాళ్లు జాపుకొని కూసో.”

“కూసునేటందుకైతే పుండు ఉంటేనేంది, మానితేనేంది? పని చూపెట్ట శాతగాదు గని, సుద్దులు చెప్పొచ్చింది. అవతలికి పోవే!”