గులాబీ కుండీలో మేకులు

వీధంతా ఆయన్ని గుంతల బాబాయి అంటుంది. రిటైరైన కరెంటు మీటర్ల మెకానిక్. పొద్దున్నే మెటల్ డిటెక్టరు భుజానేసుకుని, ఎవరూ ఉండని పాత ఇళ్ల మొండిగోడల మధ్య తిరుగుతాడు. వంటగది ఎక్కడుండేదో ముందు చూసుకుంటాడు. ఇల్లాలు ఏది దాచినా పొయ్యి దగ్గరే దాస్తుందని ఆయన సిద్ధాంతం. పదేళ్లలో దొరికినవి తలుపు గొళ్లేలు, ఒక గరిటె, సొట్టపోయిన చెంబు. అయినా మోకాళ్ల మీద కూర్చుని మట్టిని వేళ్లతో విదిలిస్తూ, ఇనుముది బొంగురు కూత, బంగారానిది సన్న కూత అని చూడవచ్చినవాళ్లకి పాఠం చెబుతాడు. నిజానికి బంగారం కూత ఆయన విన్నది ఒక్కసారే, మిషను కొన్న రోజు కొట్లో, భార్య ఉంగరం మీద. డబ్బు చాలక ఆ ఉంగరమూ మిషను ధరలో కలిసిపోయింది.

మొన్న కొత్త బ్యాటరీ వేసి పెరట్లో పరీక్షిస్తుంటే, గులాబీ కుండీ దగ్గర మిషను సన్నగా కూసింది. బట్టలు ఆరేస్తున్న భార్య వెనక్కి తిరగలేదు.

"పాత మేకులు వేశానండీ. మొక్కకి ఇనుము మంచిదట."

ఆయన ఇంకోసారి తిప్పాడు. అంతే సన్నగా కూసింది.

"మేకులే," అని మిషను ఆపేశాడు. "బాగా తుప్పు పట్టినట్టున్నాయి."

మర్నాటికి కుండీ చోటు మారింది. ఆయన సొట్ట చెంబుతో దానికి నీళ్లు పోసి, మిషను భుజానేసుకుని, బంగారం వెతకడానికి బయల్దేరాడు.