గోథిక్ అక్షరాల్లో ఎమర్జెన్సీ

మొన్న చేతికొచ్చిన ఒక శుభలేఖ మీద నా బొటనవేలు ఆగిపోయింది. ఉబ్బెత్తుగా అచ్చయిన ఇంగ్లీషు పేర్లు. వెడల్పాటి నిబ్బుతో గీసి విరిచినట్టు, మొనలు తేలిన లావాటి నల్లని గోథిక్ అక్షరాలు. హైదరాబాదులో ఆ అక్షరాలకు గిరాకీ తెచ్చింది నేనేనని ఇప్పటికీ నలుగురిలో కోతలు కోస్తుంటాను. నిజానికి నేను రిటైరయ్యాక పొద్దుపోక, రెండువేల పదకొండు ప్రాంతంలో, చిక్కడపల్లిలో యాదగిరి గారి బోర్డుల దుకాణంలో చేరి, కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చడం నేర్చుకున్నవాణ్ణి. అంతే.

యాదగిరి గారు నలభై ఏళ్లు కుంచెతో బోర్డులు రాసిన మనిషి. ఏ బోర్డుకైనా ముందు కాగితం మీద నమూనా తీసి, రోడ్డు అవతలి గోడకు అంటించి, దారిన పోయేవాళ్లను ముగ్గుర్ని ఆపి చదివించేవారు. ఒక్కరు తడబడినా అక్షరం మార్చాల్సిందే. గోథిక్‌లో మాట మొత్తం పెద్దక్షరాల్లో, అంటే క్యాపిటల్స్‌లో, పెడితే అసలు ఒప్పుకునేవారు కాదు. “పెద్దక్షరం పెండ్లికొడుకు లెక్క సారూ. బరాత్‌ల అందరూ మొఖానికి పూల సెహ్రా కట్టుకుంటే పెండ్లికొడుకును ఎట్ల గుర్తువడ్తరు?” అని నవ్వేవారు.

ఆయన ఊళ్లో లేని వారంలో అశోక్‌నగర్ నర్సింగ్‌హోమ్ ఒకటి ఎమర్జెన్సీ బోర్డు అడిగింది. నా పనితనం చూపిద్దామని మొత్తం గోథిక్ పెద్దక్షరాల్లోనే పెట్టేశాను. గోడకు అంటించలేదు, ఎవర్నీ ఆపలేదు. బోర్డు ఎక్కేసింది.

ఆయన తిరిగి రాగానే అడిగారు. “సదివించినవా సారూ?”

“ముగ్గురూ గడగడా చదివారండీ.”

చూద్దామని ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి బోర్డు వంక చూశారు. కుడికన్ను మూసి చూశారు, ఎడమకన్ను మూసి చూశారు. ముఖం పాలిపోయింది. అక్కడే మెట్టు మీద కూలబడి, “ముగ్గురు సదివిన్రంటివి. నాకు ముండ్లకంప లెక్క కొడుతున్నది. కండ్లు పోయినట్టున్నయ్ సారూ. ఇగ నేను దేనికి పనికొస్త?” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఎవర్నీ చదివించలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది; బోర్డు వంకే చూస్తూ నిలబడ్డాను.

అంతలో సరిగ్గా ఆ బోర్డు కిందే ఒక ఆటో ఆగింది. లోపల ఒక ముసలాయన ఎగశ్వాస తీస్తున్నాడు. డ్రైవర్ తల బయటపెట్టి మావైపు అరిచాడు. “అన్నా, జర చెప్పరాదే, ఎమర్జెన్సీ ఏడుంది?”

యాదగిరి గారు లేచి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, ముసలాయనకు భుజం పట్టి లోపలికి చేర్చారు. తిరిగొచ్చి నా ముఖంలోకి చూశారు. “అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయ్,” అన్నారు మెల్లగా. తిడితే బాగుండేది. ఆ పూటే బోర్డు దింపి, ఎర్రటి సాదా అక్షరాలతో స్వయంగా మరొకటి రాశారు. ముసలాయన గండం గట్టెక్కాడని సాయంత్రం తెలిసింది.

అప్పటిదాకా ఆ ముసలాయన ప్రాణం కోసమే నా గుండె దడదడలాడిందని చాలామందికి చెప్పాను. అదీ కోతే. అబద్ధం బయటపడుతుందని నేను వణికాను. ఒక మనిషి తన కళ్లు పోయాయని పక్కనే కూలబడితే, కాసేపు అలాగే అనుకోనీ అని కోరుకున్నాను.