మామ్మ గోతిలో తెల్ల పురుగులు

మొన్న మా మనవరాలు బాల్కనీలో కుండీలకని ఎరువు సంచి ఒకటి తెచ్చింది. మూతి కత్తిరించి నా ముందు పెట్టి, అసలు కంపే లేదు చూడమంది. నిజమే, కంపు లేదు. కానీ అడుగున ఎక్కడో తడి ఆరని నల్లమట్టి వాసన, వాన వెలిసిన పెరటి వాసన సన్నగా ఉంది. ఆ కాస్త వాసనకే నేను పదేళ్ళ పిల్లనైపోయి, ఆలమూరు అవతల మా ఇంటి పెరట్లో, మామ్మ ఎరువు గొయ్యి గట్టున నిలబడ్డాను.

మామ్మ అంటే మా నాన్న తల్లి. తాతయ్య పోయాక వంటిల్లు అమ్మకి అప్పగించింది, పూజగది నాన్నకి వదిలేసింది, తాళాల గుత్తి కూడా బొడ్లోంచి తీసి ఇచ్చేసింది గానీ, పెరట్లో ఆ గొయ్యి మీద పెత్తనం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అరటి తొక్కలు, కంద చెక్కులు, తిని తీసిన విస్తళ్ళు, ఆవు పేడ, పొయ్యి బూడిద, రాలిన జామాకులు, కొబ్బరి పీచు, వీటిలో ఏది ముందు వెయ్యాలో, దేని మీద ఏది కప్పాలో ఆవిడ చెప్పాల్సిందే. దేవుడి పూలు తొక్కుడు పడతాయని కాలవకి పంపేది. పొరపాటున మామిడి టెంక పడిందా, ఇంటిల్లిపాదికీ అక్షింతలే. మార్గశిరం పొద్దుటిపూటల్లో ఆ గోతిలోంచి ఆవిరి లేస్తుంటే నేను చలికి వణుకుతూ వెళ్ళి రెండు కాళ్ళూ ఆ పెంటలో దూర్చి వెచ్చబెట్టుకునేదాన్ని, మామ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. తొలకరికి ముందు గొయ్యి తవ్వితే అడుగునుంచి కాఫీపొడిలా గుల్లగా మట్టి వచ్చేది. అది తిన్న ఆనపపాదు వంటపాక ఎక్కి అవతలికి దిగేది, పొట్లకాయలు వంకర పోకుండా వాటి కొసలకి రాళ్ళు కట్టడం నా పని, ఆ కాయలతో అమ్మ పాలు పోసి వండిన కూర కోసం నాన్న మారు వడ్డించుకునేవారు.

ఆ మట్టిలో బొటనవేలంత లావున తెల్లటి పురుగులు ఉండేవి. వెన్నముద్దల్లా ముడుచుకుని పడుకునేవి. అవి తొక్కల్ని తిని మట్టి చేస్తాయని మామ్మ నమ్మకం. తవ్వేటప్పుడు గునపం తగలకుండా ఒక్కొక్కదాన్నీ కొబ్బరి చిప్పలోకి తీయించి, మళ్ళీ గోతిలోనే వేయించేది. వేదం చెప్పుకునే ఇల్లు మాది, పురుగుని చేత్తో చంపడం ఎవరికీ అలవాటు లేదు. చిప్ప పట్టుకునేది నేను. ఆ పురుగుల్ని లెక్కపెడుతూ ఎంత మురిసిపోయేదాన్నో.

ఆ గోతి పక్కనే తమ్ముడి చెట్టు ఉండేది. నాకు మూడేళ్ళప్పుడు తమ్ముడు పుడితే, పురుడు వెళ్ళిన రోజున తాతయ్య నాటిన కొబ్బరి మొక్క అది. తమ్ముడు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. అమ్మ వాడి పేరు మళ్ళీ ఎత్తలేదు గానీ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు ఆ మొదట్లోనే పోసేది. మామ్మకి కోడల్ని ఎలా ఓదార్చాలో తెలియలేదు. ఆ ఏడే పాత గొయ్యి పూడ్పించి, వాడి చెట్టుకి సారం దిగుతుందని దాని పక్కనే కొత్తది తవ్వించింది. చెట్టు ఏపుగా ఎదిగింది. నాకు పదేళ్ళు వచ్చేసరికి, ఈ ఏడు పూత పొత్తి పగులుతుంది, మొదటి గెల దేవుడికని ఇంట్లో అనుకోవడం మొదలైంది.

కార్తీకంలో దింపుకి వచ్చిన సత్తియ్య, మాకు కాయలు దింపేది ఎప్పుడూ అతనే, గోతిలో పురుగుల్ని చూసి ఆగిపోయాడు.

"ఇయ్యేనండి అమ్మగారూ, రేపు కొమ్ములొచ్చి చెట్టెక్కి నెత్తిన లేత మొవ్వు తినేసేవి. ఆయ్. గొయ్యి దూరంగా తీయించండి."

"తెల్లగా మెత్తగా ఉన్నదానికి కొమ్ములు మొలవడవేవిట్రా" అంది మామ్మ. ఆ మాట నెల్లాళ్ళు ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుని నవ్వింది.

నేను నవ్వలేదు. ఒక పురుగుని గోతి మట్టితో సహా పగిలిన చట్టిలో పెట్టి, మూత వేసి, గడ్డివామి వెనక దాచాను. మామ్మ గెలవాలనే దాచాను. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మూత తీశాను. తెల్ల పురుగు లేదు. నల్లగా నిగనిగలాడుతూ, నెత్తిన కొమ్ముతో ఒకటి మట్టి చీల్చుకుని పైకి వస్తోంది.

అప్పటికి తమ్ముడి చెట్టు నిక్షేపంలా ఉంది. నేను చట్టి పట్టుకుని మామ్మ దగ్గరికి పరిగెత్తాను కూడా. ఆవిడ గోతి దగ్గర పీట వేసుకుని, సత్తియ్యకి ఏమీ తెలియదని ఎదురింటావిడకి చెబుతోంది. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి చట్టి కంచె అవతల బోర్లించాను. పురుగు బుర్రుమని లేచి ఎటో పోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలానికి తమ్ముడి చెట్టు కొత్త ఆకులు కత్తెర పెట్టినట్టు విచ్చుకున్నాయి. సత్తియ్య ఇనప ఊచతో మొవ్వులోంచి కొమ్ము పురుగుల్ని లాగాడు, ఆకు మొదళ్ళలో ఇసుకా ఉప్పూ పోశాడు. అవి చేసిన కంతల్లోంచే ఎర్రపురుగని ఇంకో రకం మానులోకి దిగింది. ఒక రోజు నన్ను పిలిచి మానుకి చెవి ఆనించమన్నాడు. లోపల కరకరమని నములుతున్నాయి. బయట ఒక్క గాయం లేదు. అమ్మ కూడా వచ్చి చెవి పెట్టింది, చాలాసేపు తియ్యలేదు. శ్రావణంలో పగలని పొత్తితో సహా మొవ్వు ఊడి చేతికొచ్చింది. చెట్టు కొట్టించేశాం.

ఆ సాయంత్రం మామ్మ అరుగు మీద అమ్మ పక్కన కూర్చుంది.

"నా గొయ్యే తినేసిందంటావా, అమ్మాయ్?"

"మీరేం చేస్తారండీ, అత్తయ్యగారూ" అంది అమ్మ.

నేను స్తంభానికి ఆనుకుని అక్కడే ఉన్నాను. చట్టి సంగతి చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు చెబితే చెట్టు తిరిగి రాదు, మామ్మ బతకదు అనిపించింది. మామ్మ మర్నాడే గొయ్యి పూడ్పించేసింది. ఆ తరవాత పెరట్లోకి వెళ్ళడమే మానేసింది.

ఇప్పుడు ఆ పెరడు లేదు. నేల అంతా సిమెంటు చేసి అరటి గెలల లారీలు నిలుపుతున్నారు. ఆ వీధిలో ఏ ఇంటికీ గొయ్యి లేదు, తొక్కలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి గుమ్మం బయట పెడుతున్నారు. అమ్మ ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉంది. చెబుదామని ఎన్నిసార్లు మంచం పక్కన కూర్చున్నానో. ఒకసారి తనే, "వాడి చెట్టుంటే ఇప్పటికి ఎంతెత్తయ్యేదో" అంది. చాలా ఎత్తు అయ్యేదమ్మా అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, పక్కకి తిరిగి పడుకుంది.