మామగారి ఆదివారం పైపు

పోయిన వారం నాకు జలుబు చేసి రెండు రోజులు ముక్కు పనిచెయ్యలేదు. కాఫీ వేడినీళ్లలా ఉంది, ఆవకాయ ఉప్పగా మాత్రమే ఉంది. మూడో రోజుకు తగ్గిపోయింది కనుక పెద్ద సంగతేమీ కాదు. కానీ ఆ రెండు రోజులూ మా మామగారే గుర్తొచ్చారు. ఆయనకు ఇదే కష్టం నెలల తరబడి సాగింది. పైగా జీవితమంతా ముక్కును నమ్ముకుని బతికిన మనిషి.

మామగారు ప్రకాశం జిల్లాలో ఒక పొగాకు కంపెనీకి ఆకు కొనేవారు. పొగాకు బేలు మూట విప్పి, ఓ ఆకు తీసి నలిపి వాసన చూసి, అది ఎర్రనేలదో నల్లరేగడిదో, ఆరబెట్టేటప్పుడు మంట ఎక్కువైందో తక్కువైందో చెప్పేవారట. రిటైరయ్యాక మేడ్చల్లో మా దగ్గరే ఉన్నారు. మాది బస్ డిపోకి కాస్త అవతల, అంతా ఉద్యోగస్తులే ఇళ్లు కట్టుకున్న కాలనీ. వచ్చిన కొత్తలో వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మాయ్, పోపులో ఇంగువ మరిచిపోయావు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నిజంగానే మరిచిపోయి ఉండేదాన్ని, అందుకు ఇంకా మండేది. పైపు మాత్రం వారానికి ఒక్కసారే, ఆదివారం టిఫిను అయ్యాక వరండాలో. అదీ గొంతు పట్టేసేంత ఘాటు పొగాకు. తేలిక రకాలను "పసిపిల్లల గ్రైప్ వాటర్" అని కొట్టిపారేసేవారు. అదే వేళకు అలియాబాద్ నుంచి చేపలాయన మోపెడ్ మీద వచ్చేవాడు. శామీర్‌పేట చెరువులో పట్టిన చేపలు కాలనీలో అమ్ముకుని, చివరికి మా మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు, కలిసి పొగ వదిలేవారు.

ఒక ఏడాది ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చాయి. అందరికీ వాసన పోయింది. మాకు పది రోజుల్లో తిరిగొచ్చింది, ఆయనకు రాలేదు. డాక్టరు లవంగం, నిమ్మతొక్క రోజూ రెండు పూటలా వాసన చూడమన్నాడు. ఆయన శ్రద్ధగా చూసేవారు, తల అడ్డంగా ఊపేవారు. అయినా నవ్వుతూనే ఉండేవారు, గ్యాసు సంగతి జరిగేదాకా.

ఆ రోజు పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టి మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లాను. పాలు పొంగి మంట ఆరిపోయింది. దిగుతుంటే మెట్ల మీదికే గుప్పున గ్యాసు వాసన. పరుగెత్తుకెళ్లి చూస్తే మామగారు ఆ వంటింట్లోనే పొయ్యికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నేను పొయ్యి కట్టేసి కిటికీలు బార్లా తెరిచాను. అది చూసి ఆయనకు అర్థమైంది. "నాకు తెలియలేదమ్మాయ్" అన్నారు, తప్పు చేసినవాడిలా. ఆ రోజు నుంచి వంటింట్లోకి రాలేదు. తిండి తగ్గింది. పైపు బీరువాలోకి పోయింది. ఆదివారాలు కూడా గదిలోంచి బయటికి రావడం మానేశారు.

"సారు కనవడ్తలేడేందమ్మా?" అని చేపలాయన అడిగితే సంగతంతా చెప్పాను. ఆయన నేరుగా గది కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "సారూ, నువ్వు లేక నా బీడీ గూడ సప్పగుంటాంది. గట్ల పరేషాన్ గాకు. వచ్చే ఐతారం చెరువు కాడికి రా, జర గాలి మారుతది."

సరిగ్గా ఆ వారమే మామగారి పాత స్నేహితుడొకరు చూడటానికొచ్చి ఒక డబ్బా ఇచ్చి వెళ్లారు. ఇంగ్లీషు పద్ధతిలో కలిపిన తేలిక పొగాకు. పసుపుపచ్చటి వర్జీనియా ఆకు, కొంచెం టర్కీ ఆకు, కట్టెల పొగలో ఆరబెట్టిన నల్లాకు చిటికెడు. సెంట్లూ తీపి పాకాలూ కలపరు. మామగారు డబ్బాను అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చేశారు. "ఘాటే తెలియనివాడికి తేలికదెందుకమ్మా?" నేను డబ్బా, పైపు, అగ్గిపెట్టె సంచిలో వేశాను.

ఆదివారం పొద్దున కారు నడిపి ఆయన్ను నేనే చెరువుకట్ట మీదికి తీసుకెళ్లాను. చేపలాయన వల ఆరేసి వచ్చి పక్కన కూర్చుని, "ముట్టియ్యి సారు, నా కోసం" అన్నాడు. మామగారు కాదనలేకపోయారు. అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా కూరి, రెండు పుల్లలు గీసి వెలిగించారు. మెల్లగా పీల్చి వదులుతూ చాలాసేపు చెరువు వైపే చూశారు. ఉన్నట్టుండి పైపు నోట్లోంచి తీసి, "అమ్మాయ్, ఇక్కడెవరైనా కట్టెల పొయ్యి వెలిగించారా?" అన్నారు.

చుట్టూ చూశాను. ఎక్కడా పొయ్యి లేదు. ఆయన మళ్లీ ఒక్కసారి పీల్చారు. "ఇందులోదే. నల్లాకు" అన్నారు. కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను. చేపలాయన మాత్రం బీడీలోని పొగాకు దులిపేసి, డబ్బాలోది కూరి అంటించాడు. "ఏంది సారు, గింత సల్లగుంది? గొంతుకు తాకనే లేదు!"

"గొంతులోకి లాగకయ్యా. నోట్లో కాసేపు ఉంచి వదిలెయ్. తీపి తెలుస్తుంది" అన్నారు మామగారు. తనకింకా తెలియని తీపి గురించి.

తర్వాత ప్రతి ఆదివారం ఒక్క పైపు. నాలుగో వారం ఎండుగడ్డి వాసన తెలిసిందన్నారు. ఇంకో నెలకు కిస్‌మిస్ లాంటి ఆ తీపి కూడా వచ్చింది. ఘాటు పొగాకైతే వీటన్నిటినీ కప్పేసేదని, ఇన్నాళ్లూ తేలికదాన్ని వెక్కిరించినందుకు సిగ్గుగా ఉందని ఒప్పుకున్నారు. డాక్టరుకు చెబితే పైపు తాగనిచ్చినందుకు నాకు గట్టిగా చీవాట్లు పెట్టి, వాసన ఎలాగూ తిరిగొచ్చేదేనన్నాడు. కావచ్చు. ఓ రోజు వంటింటి గడప దగ్గర, "అమ్మాయ్, వేపుడు మాడుతోంది" అని వినిపించినప్పుడు నాకు ఒళ్లు మండలేదు.

ఒక్క చేపల వాసన మాత్రం రాలేదు. చేపలాయన దాన్ని తన ఓటమిగా తీసుకున్నాడు. వారం వారం కొరమీను ఎత్తిపట్టి, "గింత కంపు గొడ్తాంది, గిదెట్ల తెలుస్తలేదు సారు?" అని వాపోయేవాడు. ఒక ఆదివారం మామగారు ముఖం చిట్లించి, "అబ్బ, దూరం పెట్టవయ్యా!" అన్నారు. చేపలాయన ఆనందం పట్టలేక ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. ఆయన వెళ్లాక మామగారు గొంతు తగ్గించి, "రాలేదమ్మాయ్. పాపం, ఎన్నాళ్లని అడుగుతాడు?" అన్నారు.

మామగారు పోయి మూడేళ్లయింది. చేపలాయన ఇప్పటికీ కాలనీలో కొత్తగా వచ్చినవాళ్లకు "సారు ముక్కు నేనే తెరిపిచ్చిన" అని చెప్పుకుంటాడు. నేను కాదనను. ఇన్నేళ్లు గడిచాక, ఆ మాటలో అబద్ధం ఎంతో నిజం ఎంతో నాకే సరిగ్గా తెలియడం లేదు.