నాన్నకి ఏం పరీక్ష?

నా చిన్నప్పుడు, ఏడో తరగతి పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, మా అమ్మ బందరు ఆసుపత్రిలో ఉండేది. అవనిగడ్డలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే మా పిన్ని అవి మానుకుని, అమ్మ మంచం పక్కనే ఉండిపోయింది. నిద్ర లేక పిన్ని కళ్ళు గుంటలు పడ్డాయి.

ఒక మధ్యాహ్నం వరండాలో డాక్టరుగారు నాన్నతో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నాకు ఒక్క మాటే అర్థమైంది. కుళాయి దగ్గర క్యారేజీ గిన్నెలు కడుగుతున్న పిన్నిని అడిగాను.

"పిన్నీ, నాన్నని ప్రిపేర్ అవమన్నారు. నాన్నకేం పరీక్ష?"

పిన్ని గిన్నె కింద పెట్టింది. ఇంతలో నాన్న వచ్చి, నన్ను సాయంత్రం బస్సెక్కించి ఇంటికి పంపేద్దామన్నారు. "పరీక్షలున్నాయి. పిల్లకేమీ చెప్పకు" అన్నారు.

"తర్వాత ఎవరు చెప్తారు బావగారూ?" అంది పిన్ని. నాన్న వార్డులోకి వెళ్ళిపోయారు.

ఆమె నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. ట్యూషన్లో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. "వంట ప్రిపేర్ చేస్తాం. పరీక్షకి ప్రిపేర్ అవుతాం. జరిగేది మన చేతుల్లో లేనప్పుడు కూడా ఆ మాటే వాడతారు. అప్పుడు మనసుని సిద్ధం చేసుకోమని. అమ్మ ఇంక ఎక్కువ రోజులు ఉండదమ్మా."

"దానికేం చదవాలి?"

"చదివేదేం లేదు. వెళ్ళి దగ్గర కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. అమ్మ నా జడ విప్పి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. సగంలో వేళ్ళు ఆగిపోయాయి. మిగతాది పిన్ని వచ్చి అల్లింది. ఆ వారమంతా నేను ఊరికి వెళ్ళలేదు. అమ్మ నన్ను చూస్తూ పడుకునేది, నేను ఆమె పాదాలు ఒత్తేదాన్ని. ఆ వారంలోనే అమ్మ పోయింది.

"ప్రిపేర్ అయినా ఏడుపొస్తోంది పిన్నీ" అన్నాను.

"అది ఏడుపు ఆపడానికి కాదే" అంది, నన్ను ఒళ్ళోకి లాక్కుని.

ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఎందరో మంచాన పడ్డారు. ఇప్పుడు గుడివాడలో మా ఆడపడుచు వంతు. అలిసిపోయావు, కాసేపు ఇంటికి వెళ్ళమని మా పిల్లలు అంటున్నారు. అలిసిన మాట నిజమే. మోకాళ్ళు లేవనివ్వడం లేదు, నడుం పట్టేసింది. అయినా స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుంటాను.