బావ కన్ను, పాప కన్ను

పావగడ దగ్గర తిరుమణిలో మా బావ, అంటే మేనమామ కొడుకు ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ నేను చేసిన పని ఒక్కటే, బావ కూతురు పాప ఫొటోలు తీయడం. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. మధ్యాహ్నం ఎండకు తలుపు వేసి చీకటి చేసిన గదిలో ఫ్లాష్‌తో ఒకటి తీశాను. అందులో ఎడమ కంటి నల్లగుడ్డు నల్లగా లేదు. లోపల ఎవరో దీపం పెట్టినట్టు తెల్లగా ఉంది. ఫోనే బాగాలేదనుకుని పక్కకు జరిగి మళ్ళీ తీశాను. మళ్ళీ అదే కన్ను.

గూగుల్లో వెతికితే ముందు వచ్చిన మాటే క్యాన్సర్. సాయంత్రం బస్సుకే బెంగుళూరు పోదామన్నాను.

ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ తెలుపు వాళ్ళు ముందే చూశారట. కారణం కూడా తేల్చేసుకున్నారు. చేను సోలార్ ప్లాంట్‌కు కౌలుకిచ్చినప్పుడు గట్టు పక్కనున్న పాము పుట్టను జేసీబీ చదును చేసింది. తాతల కాలం నుంచి నాగుల చవితికి పాలు పోసిన పుట్ట. ఆ చోట ఇప్పుడు ప్యానెళ్ళున్నాయి. పాప పుట్టింది ఆ తర్వాతే. కాబట్టి నాగుల కోపం. నాగలమడిక గుడిలో నాగప్రతిష్ఠకు ముహూర్తం పెట్టించారు, వచ్చే నెలకు. అది అయ్యాకే ఆస్పత్రి.

నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆ రోజు అందరినీ అన్నాను, బావను ఎక్కువగా. బావ ఆ సోలార్ ప్లాంట్‌లోనే గేటు కాపలా. చిన్నప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుని ఒక కన్ను పోయిందని మా అందరికీ తెలుసు. ఎప్పుడూ నల్లద్దాలు పెట్టుకుంటాడు, తోటి వాచ్‌మన్లు హీరో అని ఏడిపిస్తారు. నేను అరిచినంతసేపూ తలొంచుకుని కూర్చున్నాడు.

"నువ్వు ఫోన్ చూసి చెప్తాండావు. మేము ఆ పుట్టను చూసి పెరిగినోళ్ళం. సంతకం పెట్టింది నేను. అడుక్కునేది కూడా నేనే కదప్పా," అన్నాడు.

బావతో లాభం లేదని ఫొటో పెద్దది చేసి మా అత్త ముందు పెట్టాను. బావకు తల్లి ఆమె. మొన్నటి చవితికి కూడా కంచె బయట నిలబడి, పుట్ట ఉన్న వైపు నేల మీద పాలు పోసి వచ్చిన మనిషి. ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"వీనికీ ఇట్లే మెరుస్తాండె," అంది, కొడుకు వైపు చూడకుండా. "ముల్లూ లేదు, ఏమీ లేదు. పెద్దాసుపత్రిలో కన్ను తీసేసిరి. ఆ మాట చెప్తే పిల్లనెవరిస్తారని ముల్లని చెప్పుకుంటిమి."

బావ తలెత్తాడు. "అప్పుడు పుట్ట ఉండె కదమ్మా?"

"ఉండె. పాలు పోస్తానే ఉంటిమి."

బావ భార్య లేచి పాప గుడ్డలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. నేను అక్కా అని పిలుస్తాను ఆమెను.

బెంగుళూరులో పాపకు మత్తిచ్చి చూశారు. ఎడమ కన్ను క్యాన్సర్ గడ్డతో నిండిపోయింది. కుడి కంట్లో కూడా చిన్నచిన్న మచ్చలున్నాయి. డాక్టరమ్మ కన్నడంలో ఓపిగ్గా చెప్పింది. ప్రతి కణంలోనూ ఒక జన్యువు రెండు ప్రతులుగా ఉంటుందట, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఇక చాలు, పెరగొద్దని కణాన్ని ఆపడమే దాని పని. ఒకటి చెడినా రెండోది ఆపుతుంది. పాపకు పుట్టుకతోనే ఒకటి చెడిపోయి వచ్చింది. కన్ను ఎదిగే వయసులో ఏదో ఒక కణంలో ఆ మిగిలిన ఒక్కటీ పాడైంది. ఆపేది లేక ఆ కణమే గడ్డయింది. ఒళ్ళంతా ఒక్కదాని మీదే నిలబడింది కాబట్టి రెండో కంట్లోనూ అదే జరిగింది.

బయటికొచ్చాక బావ నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. గేటు దగ్గర ఇద్దరు కాపలా ఉండాల్సిన చోట మొదటి నుంచీ ఒక్కడే ఉన్నాడనుకో, వాడూ పడిపోయాడనుకో, అన్నాను.

"ఆ రానోడు ఎవురి తట్టు నుంచి రాలేదు, నా తట్టా, వాళ్ళమ్మ తట్టా?"

రక్తపరీక్షలో తెలుస్తుందిలే అన్నాను. బావ నల్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తర్వాత వచ్చిన రిపోర్టు బావ పేరే చెప్పింది. రిపోర్టు రాకముందే, ఆ రోజే ఆయనకు తెలిసిపోయింది.

"పుట్టకైతే పాలు పోస్తిమి. దీనికేం పొయ్యాలప్పా?" అన్నాడు.

ఫోన్ తీసి, ఇది ఎవరి తప్పూ కాదని రాసిన పేజీలు ఒకదాని తర్వాత ఒకటి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. ఇక ఫోన్ లోపల పెట్టుకోమన్నాడు.

ఎడమ కన్ను తీసేశారు. కుడి కంటికి మందులు, లేజర్ మొదలయ్యాయి. ముహూర్తం నాటికి పాప ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. అత్త ఒక్కతే నాగలమడిక పోయి ప్రతిష్ఠ చేయించి వచ్చింది. వద్దని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

కన్ను నిలిచినా ఆ చెడిన జన్యువు ఒంట్లోనే ఉంటుందట, బతికినంతకాలం చూసుకుంటూ ఉండాలట. ఇప్పుడైతే నెల నెలా మత్తిచ్చి పరీక్ష. మత్తు కోసం తెల్లవారుజాము నుంచి పాలివ్వకూడదు. పావగడ నుంచి బస్సులో వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటుంది. అక్క ఎత్తుకుంటే జాకెట్టు పట్టుకుని లాగుతుంది. అందుకని బావే పాపను భుజాన వేసుకుని, అక్క కనబడనంత దూరంగా వరండా చివర తిరుగుతుంటాడు. అక్క ఈ చివర పైట అదిమి పట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో నేను, టోకెన్ పిలిచేవాళ్ళతో గొడవ పడుతూ.

పోయిన నెల కొత్త మచ్చలేవీ లేవన్నారు. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. మత్తు దిగాక పాప అక్క ఒళ్ళో పాలు తాగుతూ నిద్రపోయింది. బావ పక్కన నిలబడ్డాడు. అక్క వేలితో పాప కుడి కంటి రెప్పను కొద్దిగా ఎత్తి లోపలికి చూసింది. చూసి, రెప్ప మెల్లగా దించేసింది.